చిన్న గదికి తగిన టెలివిజన్

టెలివిజన్ కొనదలచిన వారు సాధారణంగా మొదట అంగడికి వెళ్తారు. నచ్చినదానిని ఎంచి ఇంటికి తెచ్చుకుంటారు. ఆ తరువాత దానిని ఎక్కడ పెట్టవలెనా అని గదిలో నాలుగు మూలలా వెదుకుతారు. ఈ వరుస మారవలెనని చెప్పడమే ఈనాటి నా ప్రసంగ ఉద్దేశం. ముందు గదిని కొలవవలెను. ఆ గదిలో ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చుంటారో చూచుకోవలెను. ఆ తరువాతనే అంగడికి బయలుదేరవలెను. ఇది నేను పుస్తకంలో చదివిన మాట కాదు. సొమ్ము పోగొట్టుకొని నేర్చుకొన్న మాట.

మేము హైదరాబాదులో రెండు గదుల వాటాలో కాపురమున్నాము. ముందు గది పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. పగటిపూట వచ్చిన చుట్టాలను కూర్చోబెట్టేది అక్కడనే. సాయంకాలం మా అమ్మాయి చదువుకొనేదీ అక్కడనే. రాత్రి మా అమ్మగారు పడుకొనేదీ అక్కడనే. రెండేళ్ల క్రిందట మా పాత టెలివిజన్ చెడిపోయినది. కొత్తది కొందామని వెళ్లాను. అంగడి విశాలమైన హాలు. గోడ నిండా పెద్ద పెద్ద తెరలు వేలాడుతున్నవి. వాటి నడుమ 55 అంగుళాల తెర నా కంటికి మధ్యరకముగానే కనబడినది. కొని తెచ్చాను.

ఇంట్లో పెట్టిన తరువాత అది గోడలో నాలుగు అడుగులు ఆక్రమించినది. గోడ అలమారు తలుపు సగం కంటె ఎక్కువ తెరుచుకోవడం లేదు. అది చిన్న బాధ. పెద్ద బాధ వేరే ఉన్నది. మా అమ్మగారికి వినికిడి కొంచెం తగ్గినది. మాటలు బాగా వినబడాలని ఆమె చాప వేసుకొని తెరకు నాలుగున్నర అడుగుల దూరంలో కూర్చునేవారు. అంత దగ్గర నుండి చూస్తే తెర ఒక అంచు నుండి మరొక అంచుకు తల తిప్పుకోవలసి వచ్చేది. వారం రోజులు చూచి, “మీరు చూడండి నాయనా, నాకు మెడ పట్టుకుంటోంది” అని లోపలి గదిలోకి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆమెకు వినబడేంత హెచ్చుగా ధ్వని పెట్టినందువల్ల మా అమ్మాయి పుస్తకాలు తీసుకొని వంటింటి గడప దగ్గరకు చేరినది. మేము ముచ్చటపడి తెచ్చుకొన్న వస్తువు మా ఇంటిలోని ఇద్దరిని ముందు గదిలో నుండి వెళ్లగొట్టినది.

ఈ పొరపాటు ఎక్కడ జరిగినదో తెలుసుకోవడానికి కొంచెం వెనుకకు చూడవలెను. మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైనది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని రెండు వేలకు పైగా గ్రామాలకు కార్యక్రమాలు అందించారు. అందులో మన తెలుగు పల్లెలు కూడ ఉన్నవి. ఊరంతటికీ ఒక్క టెలివిజన్; అందరూ దాని ముందు నేల మీద కూర్చొని చూచేవారు. హైదరాబాదు కేంద్రం 1977లో ప్రసారాలు ప్రారంభించినది. 1982లో రంగుల బొమ్మ వచ్చినది. ఆ తరువాత చాలా కాలం ఇళ్లలో ఉండినది 20, 21 అంగుళాల గాజు గొట్టపు పెట్టె. దాని వెనుక భాగం అడుగున్నరకు మించి పొడుచుకొని వచ్చేది. బరువు సరేసరి. తెర పెద్దదైన కొద్దీ వెనుక భాగం కూడ పెద్దదయ్యేది. అందుచేత చిన్న గదిలోకి పెద్ద తెర రావడమే కష్టం.

ఇప్పుడు ఆ అడ్డంకి పోయినది. తెర పలకవలె పలుచనైనది. గోడకు తగిలిస్తే చోటు తీసుకోదు గదా అని మనం అనుకొంటాము. కాని నేల మీద మిగిలిన చోటును అది గోడ మీద తీసుకొంటుంది. దానికంటె ముఖ్యంగా, మన కంటికీ తెరకూ మధ్య ఉండవలసిన దూరాన్ని తీసుకొంటుంది. ఈ దూరం చిన్న గదిలో కొనుక్కుంటే దొరికేది కాదు.

కనుక మొదటి పని కొలత. ఒక టేపు తీసుకోండి. గోడ నుండి గోడకు కొలవవద్దు. మా గది వెడల్పు పది అడుగులని చెప్పాను. తెర ఉండే బల్ల గోడ నుండి అడుగుంబావు ముందుకు వస్తుంది. ఎదుటి గోడకు ఆనించిన మంచం మీద చేరగిలబడిన మనిషి కన్ను ఆ గోడకు మరొక అడుగుంబావు ఇవతల ఉంటుంది. మిగిలినది ఏడున్నర అడుగులు. ఇది దూరపు కొలత. చాప మీద కూర్చునే వారి కంటికి నాలుగున్నర అడుగులు. ఇది దగ్గరి కొలత. ఈ రెండు అంకెలూ కాగితం మీద వ్రాసుకోవలెను. చాలామంది మొదటిది మాత్రమే చూచుకొంటారు. నేను చేసినదీ అదే.

ఇక తెర పరిమాణం. అంగడివారు 32, 43, 55 అంగుళాలని చెప్పేది తెర వెడల్పు కాదు. ఐమూలగా, ఒక మూల నుండి ఎదుటి మూలకు ఉండే కొలత. పెట్టె మీద దీనినే సెంటీమీటర్లలో 80, 108, 138 లేక 139 అని ముద్రిస్తారు. నేటి తెరల వెడల్పుకూ ఎత్తుకూ నిష్పత్తి 16కు 9. ఆ లెక్కన 32 అంగుళాల తెర సుమారు 28 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు. 43 అంగుళాలది ముప్పది ఏడున్నర వెడల్పు, 21 ఎత్తు. 55 అంగుళాలది 48 వెడల్పు, 27 ఎత్తు. పాత 21 అంగుళాల పెట్టె నిష్పత్తి 4కు 3 కనుక దాని బొమ్మ ఎత్తు సుమారు 12 అంగుళాలు. కాబట్టి పాతదాని నుండి 32కు మారితే ఎత్తులో పెరిగేది నాలుగు అంగుళాలే. ఈ సంగతి తెలియక, 32 అంటే చాలా పెద్దదని భయపడేవారు కూడ ఉన్నారు.

చూచేవాని కంటి ముందు తెర 30 మొదలు 40 డిగ్రీల వెడల్పు ఆక్రమిస్తే బొమ్మ నిండుగా ఉంటుందని సాంకేతిక నిపుణులు చెప్తారు. 40 డిగ్రీలకు మించితే తల తిప్పవలసి వస్తుంది. 20 డిగ్రీలకు తగ్గితే క్రింద పరుగెత్తే వార్తల అక్షరాలు చదవడం కష్టమవుతుంది. కోణాలతో పనిలేకుండా దీనిని ఇంటి లెక్కగా మార్చుకోవచ్చు. ఐమూల కొలతను 1.2 చేత గుణిస్తే, అనగా దానికి ఐదవ వంతు కలిపితే, దగ్గరి హద్దు వస్తుంది. అదే ఐమూల కొలతను రెండున్నర చేత గుణిస్తే దూరపు హద్దు వస్తుంది. ఆ ప్రకారం 32 అంగుళాల తెరకు మూడుంబావు అడుగుల నుండి ఆరున్నర అడుగుల వరకు. 43కు నాలుగుంబావు నుండి తొమ్మిది వరకు. 55కు ఐదున్నర నుండి పదకొండున్నర వరకు.

ఇప్పుడు మా గది అంకెలను ఈ లెక్కలో పెట్టి చూడండి. మంచం మీది వారికి 55 సరిపోయినది. చాప మీది మా అమ్మగారికి సరిపోలేదు. 32 అయితే ఆమెకు బాగుండేది, మంచం మీద నుండి చూచేవారికి చిన్నదయ్యేది. రెండు కొలతలకూ ఒప్పినది 43 ఒక్కటే. అయిదు నిమిషాలు టేపు పట్టుకొని ఉంటే ఈ సంగతి ముందే తెలిసేది.

లెక్కల మీద నమ్మకం లేనివారికి మరొక ఉపాయం ఉన్నది. పాత వార్తాపత్రికలు అతికించి, తెర వెడల్పు ఎత్తుల ప్రకారం కత్తిరించి, ఆ గోడ మీద రెండు రోజులు అంటించి ఉంచండి. అలమారు తలుపు తెరుచుకొంటున్నదా, స్విచ్చి అందుతున్నదా, కిటికీ రెక్కకు తగులుతున్నదా అన్నీ తెలుస్తవి. కాగితం ఖర్చు లేదు. తిరిగి ఇచ్చే పేచీ లేదు.

తరువాత చూడవలసినది తెరలోని చుక్కల సంఖ్య. బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కల కూర్పు. 32 అంగుళాల రకాలలో చాలావాటికి అడ్డంగా 1,366 చుక్కలు ఉంటవి. వాటిని ఆరు అడుగులకు లోపు నుండి చూస్తే మంచి చూపు గలవారికి బొమ్మ అంచులు గరుకుగా కనబడవచ్చు. 1,920 చుక్కల ఫుల్ హెచ్.డి. రకమైతే నాలుగు అడుగుల నుండి కూడ నునుపుగా ఉంటుంది. 43 అంగుళాలలో 3,840 చుక్కల ఫోర్ కె రకము ఇప్పుడు సాధారణమైనది. చాప మీద దగ్గరగా కూర్చునే వారికి దాని ప్రయోజనం ఉన్నది. ఏడున్నర అడుగుల దూరంలో మాత్రమే కూర్చునేవారు దీనికోసం ఎక్కువ సొమ్ము పెట్టనక్కరలేదు. ఒకటి గుర్తుంచుకోవలెను: ప్రసారంలో లేని వివరాన్ని ఏ తెరా పుట్టించలేదు. పాత సినిమా, మామూలు ఛానలు పెద్ద తెర మీద మరింత మసకగా కనబడుతవి. కనుక అంగడిలో వారు చూపించే పూల బొమ్మలు, సముద్రపు చేపలు చూచి మురిసిపోక, మీరు రోజూ చూచే వార్తల ఛానలు పెట్టించి చూడండి.

చిన్న గదిలో అందరూ తెరకు ఎదురుగా కూర్చోలేరు. ఒకరు తలుపు ప్రక్కన, ఒకరు మంచం చివర, ఒకరు నేల మీద. ప్రక్క నుండి చూచినప్పుడు కొన్ని తెరల మీద మొగములు వెలవెలబోయి రంగులు మారుతవి. ఐ.పి.ఎస్. అనే రకము తెర ప్రక్క నుండి చూచినా రంగు అంతగా మారదు. వి.ఏ. అనే రకములో నలుపు మరింత చిక్కగా ఉంటుంది గాని అది ఎదురుగా కూర్చునే వారికే తగినది. ఓ.ఎల్.ఇ.డి. రకము రెండు విధాలా బాగుంటుంది; ధర ఎక్కువ, పైగా కదలని గుర్తులు ఏళ్ల తరబడి ఒకే చోట నిలిస్తే మచ్చ పడే అవకాశం ఉన్నది. ఈ పేర్లు జ్ఞాపకం లేకపోయినా ఫరవాలేదు. అంగడిలో తెరకు ఎదురుగా నిలబడక, ఒక ప్రక్కకు నాలుగు అడుగులు జరిగి చూడండి. సంకోచించక ఒకసారి వంగి, చాప మీద కూర్చున్న ఎత్తు నుండి కూడ చూడండి. మీ ఇంటివారు చూచేది అక్కడ నుండే.

వెలుతురు సంగతి. కిటికీకి ఎదురుగా తెర పెడితే పగలు కిటికీయే తెరలో కనబడుతుంది. కిటికీ ముందే తెర పెడితే వెనుక వెలుతురు కళ్లలో పడుతుంది. కిటికీ ప్రక్కకు ఉండేటట్లు అమర్చడమే మేలు. అంగడిలో దీపాల వెలుగును మించి కనబడాలని తెర కాంతిని బాగా హెచ్చించి ఉంచుతారు. ఇంటికి వచ్చిన తరువాత దానిని ఇంటికి తగినట్లు తగ్గించుకోవలెను. రాత్రి దీపాలన్నీ ఆర్పి చూడడం కళ్లకు శ్రమ. ఒక చిన్న దీపం వెలుగుతూ ఉండడం మంచిది.

ఎత్తు సంగతి. చాలా ఇళ్లలో టెలివిజన్‌ను దేవుని పటం ఎత్తున తగిలిస్తున్నారు. నేల మీద కూర్చున్న పెద్దవారి కన్ను రెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. మంచం మీద కూర్చున్నవారిది సుమారు నాలుగు అడుగులు. ఇరువై అంగుళాల ఎత్తు గల బల్ల మీద 43 అంగుళాల తెర పెడితే దాని నడిమి భాగం మూడు అడుగులకు కొంచెం లోపుగా వస్తుంది. ఇద్దరికీ మెడ నొప్పి లేదు. గోడకు తగిలించదలచినవారు ఇంటి యజమానిని ముందుగా అడగవలెను. గోడ చెమ్మగిలేది కాకుండా చూడవలెను. తీగలు తగిలించే రంధ్రాలు తెర వెనుక కాక ప్రక్కన ఉన్న రకము ఎంచుకోవలెను. బల్ల మీద పెట్టేవారు తెర కాళ్ల మధ్య దూరం కొలవవలెను. ఇప్పటి తెరలలో చాలావాటి కాళ్లు రెండు చివరల ఉంటవి. బల్ల పొట్టిదైతే ఒక కాలు గాలిలో ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో తెరను వెనుక నుండి గోడకు పట్టీతో బిగించడం మరువరాదు.

ఇప్పుడు నేను అన్నిటి కంటె ముఖ్యమనుకొనే విషయానికి వచ్చాను. అది ధ్వని. పెద్ద ఇంట్లో టెలివిజన్ చూడనివారు మరొక గదిలోకి వెళ్లవచ్చు. చిన్న ఇంట్లో వెళ్లడానికి మరొక గది లేదు. అక్కడ టెలివిజన్ ఎంచుకోవడమంటే చూచేవారి కోసమే కాక, చూడనివారి కోసం కూడ ఎంచుకోవడమే.

పలుచని తెరలో ధ్వనికి చోటు తక్కువ. స్పీకర్లు చాలావాటిలో క్రిందికో వెనుకకో తిరిగి ఉంటవి. సంగీతం గట్టిగానే వినబడుతుంది గాని మాట స్పష్టంగా ఉండదు. మాట అందక మనం ధ్వని పెంచుతాము. పెంచినది అందరి చెవులలోనూ పడుతుంది. వినికిడి తగ్గిన పెద్దవారున్న ఇంట్లో దీనికి మందు గది అంతటా ధ్వని పెంచడం కాదు. వారి చెవి దగ్గర ఒక చిన్న స్పీకరు ఉంచడం. తీగతో కలిపేవి ఉన్నవి, తీగ లేకుండా బ్లూటూత్‌తో కలిసేవి ఉన్నవి. కొనేముందు రెండు ప్రశ్నలు అడగండి. చిన్న స్పీకరు పనిచేస్తున్నప్పుడు తెర స్పీకరు కూడ పనిచేస్తుందా, లేక మూగబోతుందా? పెదవుల కదలికకు మాట వెనుకబడుతున్నదా? రెండూ అంగడిలోనే పరీక్షించి చూడవచ్చు. మరొక సదుపాయం కూడ అడగండి: బొమ్మ ఆర్పివేసి ధ్వని మాత్రం ఉంచుకొనే వీలు ఉన్నదా? దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌లో నెలసరి రుసుము లేకుండా ఆకాశవాణి కేంద్రాలు కూడ వినవచ్చు. నిద్రకు ముందు చీకటి గదిలో వెలుగు లేకుండా వినాలనుకొనే వారికి ఇది ఉపకరిస్తుంది.

ఖర్చు గురించి రెండు మాటలు. 32 అంగుళాలకు మించిన వాటి మీద 28 శాతం పన్ను, అంతవరకు 18 శాతం పన్ను ఉండేది. ఆ కారణంగా 32 దగ్గరే ఆగినవారు చాలామంది. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్దవాటికి కూడ 18 శాతమే అయినది. కాబట్టి ఇప్పుడు పన్నును చూచి కాక, గదిని చూచి నిర్ణయించుకోవచ్చు. విద్యుత్తు విషయంలో పెట్టె మీది నక్షత్రాల చీటీ చూడండి. 80 వాట్లు తీసుకొనే తెరను రోజుకు ఐదు గంటలు చూస్తే నెలకు 12 యూనిట్లవుతుంది. ఇది భరించరాని ఖర్చు కాదు. చిన్న గదిలో అసలైన ఖర్చు విద్యుత్తు కాదు, చోటు, నిశ్శబ్దం.

మా ఇంటి కథ ముగించి సెలవు తీసుకొంటాను. ఆ 55 అంగుళాల తెరను మా తమ్మునికి ఇచ్చాను. వాని ఇంటి హాలు పద్దెనిమిది అడుగులు. అక్కడ అది ఒద్దికగా ఉన్నది. మేము 43 అంగుళాలది కొన్నాము. ఈసారి పత్రికల కాగితం ముందుగా గోడకు అంటించాను. మా అమ్మగారి మంచం తలవైపున ఒక చిన్న స్పీకరు పెట్టాము. మాట చెవి దగ్గరే వినబడుతుండగా చాప వేసుకొని ముందుకు జరగవలసిన పని ఆమెకు లేకపోయినది. మంచం మీదనే కూర్చొని చూస్తున్నారు. పరీక్షల రోజులలో రాత్రి ఏడు నుండి తొమ్మిది వరకు తెర వెలగదు. ఆ నియమం పెట్టినది కూడ ఆమెయే. మా అమ్మాయి పుస్తకాలు వంటింటి గడప నుండి ముందు గదికి తిరిగి వచ్చినవి.

మీరు టెలివిజన్ కొనబోయేముందు, మీ గదిలో కూర్చునేవారి పేర్లు ఒక కాగితం మీద వ్రాయండి. ఒక్కొక్క పేరు ఎదుట తెరకు ఎంత దూరమో వ్రాయండి. చూడనివారి పేర్లు కూడ విడిచిపెట్టవద్దు. ఆ కాగితం జేబులో పెట్టుకొని అంగడికి వెళ్లండి. ఏది కొనవలెనో సగం అదే చెప్తుంది.